ఎక్కడికని అడిగిన ఫోను

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను కలిస్తే మొదట అడిగే మాట, "ఏ లాంగ్వేజిలో రాసేవారండీ?" అని. తెలుగులో అని చెబుతాను. నవ్వేసి మళ్ళీ అడుగుతారు. మళ్ళీ అదే చెబుతాను.

విజయనగరంలో కోట వెనక వీధిలో ఒక మేడ మీద గది, అందులో నాలుగు కుర్చీలు, ఒక ఫ్యాను. అక్కడ మేము "పనిపలక" అనే ఫోను యాప్ చేసేవాళ్ళం. మనిషి తన పనులు అందులో పెట్టుకుంటే అది వేళకి గుర్తుచేస్తుంది. అంతే దాని సంగతి. అందులో కొత్త ఫీచర్ ఏది రావాలి, అది ఎప్పుడు పలకాలి, పలికితే ఏ మాట అనాలి అన్నది తేల్చి కాగితం మీద పెట్టడం నా పని. దాన్ని కోడుగా మార్చేది తవిటినాయుడు, గజపతినగరం నుంచి వచ్చిన ఇంజనీరు. నన్ను పిన్నిగారూ అని పిలిచేవాడు. యజమాని జగదీష్ గారు, నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న.

ఏడేళ్ళ పైచిలుకు చేశాను. జీతం ఎప్పుడు పెరిగింది, నా ఉద్యోగం పేరు ఎన్నిసార్లు మారింది అన్నవి మీకు పనికిరావు. నేను చేసిన తప్పులు పనికొస్తాయి. వాటిలో ఒకటి మా ఆఫీసును దాదాపు మూసేయించింది. దాని గురించే ఎక్కువ రాస్తాను.

పదకొండు పుస్తకాలు

నేను ఇంటర్ తప్పాను. ఆ తర్వాత చదివిందంతా చీపురుపల్లి శాఖా గ్రంథాలయంలోనే. ఈ మాట చెప్పుకోవడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు, పైగా కాస్త ఎక్కువగానే చెప్పుకుంటానని మా వాళ్ళంటారు. అక్కడ కంప్యూటర్ల మీద పదకొండు పుస్తకాలుండేవి. పదకొండూ చదివాను. వాటిలో రెండు ఒకే పుస్తకమని, అట్టలే వేరని రెండోది సగం అయ్యాక తెలిసింది. శుక్రవారం లైబ్రరీకి సెలవు. అందుకని గురువారం సాయంత్రం, ఇంటికి ఇవ్వకూడని లావుపాటి పుస్తకాలు కూడా లైబ్రేరియన్ నా సంచీలో పెట్టేవారు. శనివారం పొద్దున్నే తాళం తీసేసరికి నేను మెట్ల మీద ఉండాలి. అదీ మా ఒప్పందం.

కంప్యూటర్ పుస్తకాలు అయిపోయాక పక్క బీరువాలోకి వెళ్ళాను. మనసు గురించి, మరుపు గురించి, మార్కెట్లలో జనం ఎలా నడుస్తారన్నదాని గురించి. ఇవి నా పనికి కంప్యూటర్ పుస్తకాల కన్నా ఎక్కువ ఉపయోగపడ్డాయి. ఒక పుస్తకం ముంచింది కూడా. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గోడకి చదివి వినిపించడం

యాప్ కంపెనీకి ముందు నేను చీపురుపల్లిలో ఒక చిన్న ప్రెస్సులో తెలుగు టైపు చేసేదాన్ని. పెళ్ళి కార్డులు, బారసాల కార్డులు, ఎరువుల దుకాణాల కరపత్రాలు. యజమాని సూర్యారావు మేస్టారు. ఆయన దగ్గర ఒక నియమం. కార్డు అచ్చుకి వెళ్ళే ముందు నేను లేచి, గోడ దగ్గర నిలబడి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదవాలి.

"గోడకెందుకండీ, మీకు చదువుతాను" అన్నానొకసారి.

"నాకు చదివితే నా మొహం చూస్తావు. నా మొహం చూస్తే నేను తలూపిన చోట తొందరగా దాటేస్తావు. గోడ తలూపదు" అన్నారు.

వరుడి మేనమామ పేరు పైన, తండ్రి పేరు కింద పడిన కార్డు ఒకటి అలా చదువుతుంటేనే దొరికింది. కళ్ళు ఆ తప్పును మూడుసార్లు దాటేశాయి. నోరు మాత్రం అక్కడ తడబడింది. మేస్టారికి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ, కాఫీ ఇప్పించే అలవాటు అసలు లేదు. అయినా నాకు పని నేర్పింది ఆయనే. యాప్ ఆఫీసుకి వచ్చిన కొత్తలో నేనా నియమం వదిలేశాను. ఆఫీసులో నలుగురి మధ్య లేచి గోడకి చదివితే బాగోదనిపించింది.

పసుపు చుక్క

మొదటి ఏడాది సంగతి. పని పూర్తయితే దాని మీద ఎర్ర గీత పడేది. అన్ని యాప్‌లలోనూ అలాగే ఉంది కాబట్టి మేమూ అలాగే పెట్టాం. కొన్నాళ్ళకి ఒక బడి టీచరుగారు మేడ మెట్లెక్కి వచ్చారు. ఫోను నా ముందు పెట్టి, "ఇది చూడండి" అన్నారు. "అమ్మకి మందులు" అన్న మాట మీద ఎర్ర గీత.

"మందులు తెచ్చాను, పని అయింది, నిజమే. కానీ మా అమ్మ మీద గీత కొట్టేశారు మీరు" అన్నారావిడ.

తవిటినాయుడు నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాడు. నాకు నవ్వు రాలేదు. ఆ సాయంత్రమే గీత తీసేయించి, అయిన పని పక్కన చిన్న పసుపు చుక్క పెట్టించాను. కొత్త బట్టలకి పెట్టినట్టు. వాడేవాళ్ళకి అది ఎంత నచ్చిందంటే, చుక్క కోసమే పనులు చేస్తున్నామని రాసినవాళ్ళున్నారు.

దాంతో నాకు గర్వం వచ్చింది. మన జనం మనసు నాకు తెలిసిపోయిందనుకున్నాను. ఈ పనిలో ఆ నమ్మకం కలిగిన రోజు నుంచి జాగ్రత్తగా ఉండాలి. నేను ఉండలేదు.

ఎర్రమ్మ ముప్పై మంది

భోగాపురంలో ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట రైళ్ళలో జోరుగా నడుస్తున్న రోజులవి. జగదీష్ గారు విజయనగరం కూడా ఒక్కసారిగా పెరిగిపోతుందని నమ్మి ఆఫీసు పెట్టారు. అది అంత తొందరగా పెరగలేదు. ఒక రోజు మమ్మల్ని కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పారు.

"పట్నం వాళ్ళ కోసం మంచి మంచి యాప్‌లు చాలా ఉన్నాయి. మనది మన ఊళ్ళ వాళ్ళు వాడకపోతే నడపడం అనవసరం. ఒక ఊళ్ళో ముప్పై మందికి ఇద్దాం. నెలాఖరుకి కనీసం ఇరవై మంది ఇంకా వాడుతుంటే ఆఫీసు ఉంటుంది. లేదంటే మూసేసి నేను విశాఖపట్నంలో మా బావ దగ్గరికి వెళ్ళిపోతాను."

తవిటినాయుడికి ఎక్కడైనా ఉద్యోగం దొరుకుతుంది. యాభై మూడేళ్ళ నన్ను, ఇంటర్ తప్పినదాన్ని, ఫోను యాప్‌ల పనికి ఇంకెవరు తీసుకుంటారు? నా సంగతి అంతే ఉంది. ఆ వారమే కింద గుమ్మం మీది బోర్డును రంగు వేయించడానికి దింపారు. రంగు ఆరాక కూడా దాన్ని పైకి ఎక్కించకుండా, గది మూలలో గోడకి ఆనించి పెట్టారు జగదీష్ గారు. నెలాఖరు దాకా అది అలాగే ఉంటుందని ఎవరూ అనలేదు, అందరికీ అర్థమైంది.

ముప్పై మందిని తెచ్చింది నేనే. భావనపాడు నుంచి ఎర్రమ్మ వారానికోసారి ఎండుచేపల గంపతో చీపురుపల్లి సంతకి వచ్చేది. నేను రోజూ ఆఫీసుకి రైలెక్కే ప్లాట్‌ఫారం బెంచీ మీద మాకు నాలుగేళ్ళ పరిచయం. తన ఊళ్ళో చేపలమ్మే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద. విషయం చెబితే ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "నాను సెప్తే ముప్పై మందీ ఎట్టుకుంటారు. బాగోకపోతే మాత్తరం నిన్నే అడుగుతాను, కంపినీ బాబుని కాదు" అంది.

సగం మంది గబగబా చదవలేరు కాబట్టి వాళ్ళకిచ్చిన పనిపలక మాట్లాడేది. ఆ గొంతు నాది.

గడప

ఇక ఆ పుస్తకం. మరుపు గురించి లైబ్రరీలో చదివిన పుస్తకంలో నాకొక విషయం బాగా పట్టింది. మనిషి గడప దాటగానే ఇంట్లో అనుకున్నవి మరిచిపోతాడట. అది చదివిన రాత్రి నాకు ఫీచర్ తట్టింది. మనిషి ఇల్లు దాటి నూరడుగులు వేయగానే ఫోను అతన్ని పలకరించాలి. బజారుకా, బ్యాంకుకా, ఆసుపత్రికా అని అడగాలి. బజారు అంటే బజారు పనులన్నీ చూపించాలి. దానికి "గడప" అని పేరు కూడా పెట్టాను.

"ఇలాంటిది ఎవరి యాప్‌లోనూ లేదు సత్యవతి గారూ" అన్నారు జగదీష్ గారు సంతోషంగా. ఎందుకు లేదో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

గది తలుపులు మూసి, ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి నా గొంతు రికార్డు చేశాం. ఎంతో మర్యాదగా, పదిసార్లు చెప్పి అందులో మంచిది ఎంచుకున్నాం: "ఎక్కడికి బయలుదేరారు?"

"పిన్నిగారూ, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు ఉన్నాది" అన్నాడు తవిటినాయుడు. మెచ్చుకున్నాడనే తీసుకున్నాను.

పరీక్ష కూడా చేశాం. ఆఫీసునే ఇల్లు అని ఫోనులో గుర్తు పెట్టి, మెట్లు దిగి, గంటస్తంభం దాకా నడిచాం. నూరడుగులకి ఫోను చక్కగా అడిగింది. టీ తాగి వెనక్కి వచ్చాం. సోమవారం ముప్పై ఫోన్లలోకీ గడప వెళ్ళిపోయింది.

బుధవారం ఎర్రమ్మ ఫోను.

"ఏటమ్మా సత్యవతమ్మా. మావోల మీద నీకేటి కోపం?"

"అదేంటి ఎర్రమ్మా, ఏమైంది?"

"ఏటయిందా. మా ఇంటాయన ఫోను నుంగీ మడతలో ఎట్టుకుని ఏటకి ఎల్తన్నాడు. పడవ మీద కాలెట్టబోతన్నాడు. మడతలోంచి నీ గొంతు. ఎక్కడికి బయలుదేరారూ అని. సముద్రం మీదికి ఎల్లీవోడిని. పడవ ముందర."

నేను కుర్చీలోంచి లేచాను.

"ఆరుగురు మనుసులమ్మా పడవకి. ఆరుగురూ దిగిపోయి ఇసక మీద కూకున్నారు. ఆ దినం మరి ఎల్లనేదు. పక్క పడవలోలు వంజరాలు తెచ్చుకున్నారు, మావోలు కూకుని సూసినారు. అవతల గంగమ్మ కూతురు పరీచ్చకి ఎల్తంటే దాన్నీ అడిగినాదట నీ ఫోను. ఆ గుంట ఏడ్సుకుంటా ఎల్లినాది. దానికి తల్లీ తండ్రీ నేరేటి, ఆ ఫోనుకి? ఎవలూ నేర్పనేదా?"

నేర్పాల్సినదాన్ని నేనే. నేను పుట్టి పెరిగిన ఇంట్లో బయలుదేరిన మనిషిని ఎక్కడికని ఎవరూ అడగలేదు. ఎవరైనా పొరపాటున అడిగితే మా అమ్మ వెనక్కి వచ్చి, పీట మీద కూర్చుని, చెంబుడు నీళ్ళు తాగి, మళ్ళీ మొదటి నుంచి బయలుదేరేది. ఇవన్నీ నాకు తెలుసు. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి తెలుసు. అయినా ఆ ప్రశ్నని పదిసార్లు పలికి, బాగా వచ్చినదాన్ని ఎంచుకుని పంపాను. మూసిన గదిలో పలికాను కాబట్టి అది ప్రశ్నలా వినిపించింది. ఏ ఇంటి గడప మీదైనా నిలబడి ఒక్కసారి పలికి ఉంటే నా నోరే తడబడేది. సూర్యారావు మేస్టారి గోడ సరైన చోట ఉండాలని నాకు అప్పుడు తెలిసింది.

ఇంకో తప్పు కూడా ఉంది. ఇది సొంత పనుల యాప్ కదా, ఒక మనిషికి ఒక ఫోను అనుకున్నాం. భావనపాడులో ఫోను ఇంటిది. ఎవరు బయటికి వెళ్తే వాళ్ళ వెంట వెళ్తుంది. ఆడవాళ్ళకి ఇచ్చామనుకున్న ముప్పైలో సగం ఫోన్లు మగవాళ్ళ మడతల్లో పడవల మీద తిరుగుతున్నాయి.

శుక్రవారం సాయంత్రం తవిటినాయుడు తెర మీద లెక్క చూపించాడు. ముప్పైలో నాలుగు మిగిలాయి.

"ఆ నాలుగూ ఛార్జింగ్ నేక ఆగిపోయినవేమో పిన్నిగారూ" అన్నాడు.

జగదీష్ గారు లేచి, మూలనున్న బోర్డు మీద దుమ్ము పడకుండా ఒక పాత పేపరు కప్పారు. ఆయన గురించి ఒక మాట. ఆయన ఏ రోజూ గొంతు పెంచలేదు, తప్పు ఎవరిదని వేలు చూపించలేదు. ఆయన లోపం ఒక్కటే, మనుషుల్ని తెర మీద అంకెల్లోనే చూసేవారు. మీకు అలాంటి యజమాని దొరికితే పని వదులుకోకండి. కానీ అప్పుడప్పుడు ఆయన్ని రైలెక్కించండి.

భావనపాడు

"మూఢనమ్మకం పిన్నిగారూ. దీని కోసం సాఫ్ట్‌వేర్ మార్చేస్తామా?" అన్నాడు తవిటినాయుడు, ఆదివారం నౌపడ వెళ్ళే రైల్లో.

"నీ కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించావా, లేదా?"

"అది మా అమ్మ పెట్టింది."

"ఇది వాళ్ళమ్మ పెట్టింది."

కాసేపు కిటికీలోంచి చూసి, "ఆ పుస్తకం వల్లే మునిగాం. మీ లైబ్రరీకి ఓ దండం" అన్నాడు.  

నౌపడలో ఆటో ఎక్కి వెళ్ళేసరికి ఎర్రమ్మ వాకిట్లో గంపలు కడిగి బోర్లిస్తోంది. అరుగు మీద ఆమె భర్త కామయ్య వల బాగుచేసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి ఎర్రమ్మ, "వచ్చినారా. కూకోండి. మజ్జిగ తాగుతారేటి?" అంది. తిట్టడానికైనా ముందు మజ్జిగ ఇచ్చే ఇల్లు అది.

"కామయ్య గారూ, తప్పు నాదే" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. భార్యని అడిగాడు. "ఆ గొంతేనా?"

"ఆ గొంతే."

"మనిసి బాగానే ఉన్నాది" అని మళ్ళీ వల పనిలో పడ్డాడు.

నేను రైల్లో ఆలోచించుకున్నది చెప్పాను. ఎక్కడికని అడగదు, ఏం పనులున్నాయని మాత్రం అడిగేలా చేస్తామన్నాను.

"ఎల్లీవోడిని ఏటీ అడక్కూడదు" అన్నాడు కామయ్య.

"పేరు పెట్టి పిలిస్తే?"

"ఎనకనించి పిలవకూడదు."

"ఒట్టి గంట మోగిస్తే?" అన్నాడు తవిటినాయుడు.

కామయ్య మొదటిసారి తల ఎత్తి అతన్ని చూశాడు. "నువ్వు ఇంజినీరువా బాబూ?" అన్నాడు. తవిటినాయుడు మజ్జిగ గ్లాసులోకి చూసుకున్నాడు.

నాకు ఇక దారి కనిపించలేదు. బయలుదేరే మనిషికి ఏదీ చెప్పకూడదంటే గుర్తుచేయడం ఎలా? ఆఫీసు మూసేసినట్టే అనుకుంటూ కూర్చున్నాను. అంతలో ఎదురింటాయన సైకిలు తీసి టెక్కలి వైపు తొక్కాడు. నాలుగిళ్ళు దాటాడో లేదో, గుమ్మంలోంచి అతని భార్య గట్టిగా కేకేసింది.

"వచ్చీటప్పుడు కొబ్బర్నూని."

అతను వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం ఎత్తి ఊపి వెళ్ళిపోయాడు.

నేను ఎర్రమ్మని చూశాను. "వెనక నుంచి పిలవకూడదన్నారు కదా. మరి ఆవిడ?"

"పిలవనేదు గదా. వచ్చీటప్పుడని సెప్పినాది." అది కూడా తెలియదా అన్నట్టు చూసింది. "ఎల్లీ సంగతి మాటాడకూడదు. వచ్చీ సంగతి ఎంతైనా మాటాడొచ్చు. నాను ఈయనకి రోజూ ఏదో ఒకటి సెప్తాను. కావాలన్నా, అక్కర్నేకపోయినా. సముద్రంలోకి ఎల్తంటే వచ్చీటప్పుడు రెండు సందువాలు నాకు ఉంచు అంటాను."

"సందువా నీకు నచ్చదు గదా" అన్నాడు కామయ్య, వల మీంచి కళ్ళు తీయకుండా.

"నచ్చదు. అయితే ఏటి?"

 నేను సంచీలోంచి నోటు పుస్తకం తీశాను. పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి పడవకీ ఆమె ఆ మాట కట్టి పంపుతోంది, తనకి నచ్చని చేప పేరు పెట్టి. ఏ పుస్తకంలోనూ నేనిది చదవలేదు. లైబ్రరీ మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. ఆ బీరువాలో ఇంకా రాయని పుస్తకం ఒకటుందని మాత్రం అనిపించింది.

వచ్చీటప్పుడు

ఆ అరుగు మీదే ఫీచర్ రాసేశాం. ఫోను ఇంటి నుంచి దూరమవుతున్నంతసేపు ఒక్క మాట మాట్లాడదు, గంట కొట్టదు, వణకదు. మనిషి ఎక్కడో ఒకచోట కాసేపు నిలబడ్డాక, లేదా ఇంటి వైపు తిరిగాక, అప్పుడు "వచ్చీటప్పుడు" అంటుంది. ఆ తర్వాత ఇంట్లో మనిషి ముందే ఫోనులోకి చెప్పిన మాట వినిపిస్తుంది.

నిలబడ్డాక అన్న ముక్క ఎర్రమ్మది. ఇంటి వైపు తిరిగాక మాత్రమే చెబితే చాలన్నాడు తవిటినాయుడు.

"ఇంటి వైపు తిరిగినాక సెప్తే బజారు ఎనక్కి పోదా బాబూ? నీకు పెళ్ళి అవనేదేటి?" అంది ఎర్రమ్మ.

అవలేదు. రాసుకున్నాడు.

నా గొంతు ఇక ఆ ఊళ్ళో పనికిరాదు. వాళ్ళ గొంతే కావాలి. ఎర్రమ్మని గుమ్మంలో నిలబెట్టి, వీధిలోకి ఎవరో వెళ్తున్నట్టు అనుకోమని ఆ ఒక్క మాటా రికార్డు చేశాం. వెనక కోళ్ళు, గాలి, ఎవరో దగ్గడం. దుప్పటి కడదామని తవిటినాయుడు అంటే వద్దన్నాను. కడితే మళ్ళీ మూసిన గదే.

పది రోజుల్లో తయారైంది. ఈసారి జగదీష్ గారిని కూడా రైలెక్కించాం. భావనపాడులో ఆడవాళ్ళు పదిహేను మంది దాకా ఎర్రమ్మ వాకిట్లో ఉన్నారు. ఎవరూ ఫోను ముట్టుకోలేదు. అందరూ కామయ్య వైపు చూస్తున్నారు. ఆయన సరేనంటే ఊరు సరే అంటుంది.

"కంపినీ బాబు ఎవలు?" అన్నాడాయన. జగదీష్ గారు లేచి నిలబడ్డారు. "ఫోను నువ్వు అట్టుకుని ఎల్లు బాబూ. నాను ఎనకాల వస్తాను. అది నోరు మూసుకుంటాదో నేదో సూస్తాను."

జగదీష్ గారు మెరిసే బూట్లతో ఇసకలోకి దిగారు. చేతిలో ఫోనుని దీపం పట్టుకున్నట్టు పట్టుకున్నారు. పదడుగులు వెనక కామయ్య, ఆ వెనక మేము, మా వెనక ఆడవాళ్ళు. నూరడుగులు. ఫోను పలకలేదు. పడవలు దాటాం. పలకలేదు. జగదీష్ గారి మెడ మీద చెమట కారుతోంది. పడవల అవతల టీ బడ్డీ ముందు ఆగి, బెంచీ మీద కూర్చున్నారు. మేమంతా చుట్టూ నిలబడ్డాం. టీ వచ్చింది. సగం తాగారు. నాకు ఇప్పుడు అసలు పలకకపోతేనో అని కొత్త భయం పట్టుకుంది.

"వచ్చీటప్పుడు" అంది ఫోను, ఎర్రమ్మ గొంతుతో, కోళ్ళతో సహా. "అరిటిపళ్ళు. మొన్నలాగ పచ్చివి కాదు."

జగదీష్ గారు ఉలిక్కిపడి, ఫోను వైపు తిరిగి, "అలాగేనండీ" అన్నారు. లేచి పక్క కొట్టుకి వెళ్ళి అరటిపళ్ళు ఒక అత్తం కొన్నారు. ఒక్కొక్క పండూ నొక్కి చూసి మరీ కొన్నారు.

కామయ్య ఇసక మీద చతికిలబడి నవ్వాడు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "ఇంటికాడా ఇదే, ఇక్కడా ఇదే. ఎట్టుకోండే, ఎట్టుకోండి. మీ మొగుళ్ళకీ తెలుస్తాది" అన్నాడు ఆడవాళ్ళతో.

నెలాఖరుకి ఇరవై ఆరు. నేను అంకె కోసం తెర చూడలేదు. పొద్దున్న మా ఆఫీసు వీధిలోకి తిరుగుతుంటే సుత్తి చప్పుడు వినిపించింది. జగదీష్ గారు తానే స్టూలెక్కి బోర్డు బిగిస్తున్నారు. ఒక పక్క కిందికి వాలింది. ఇప్పటికీ అలాగే వాలి ఉంది.

కొత్తగా వచ్చేవాళ్ళకి

ఈ పనిలో మీరు ఎక్కువగా వాడేది ఇతరుల యాప్‌లలో చూసిన ఆలోచన. అది తప్పు కాదు, మేమూ వాడాం. రోజూ పనులు పూర్తిచేస్తే పతకం, ఒక రోజు తప్పితే ఏడుపు మొహం అని ఒక ఫీచర్ అలాగే తెచ్చుకున్నాం. చేపల వేటని ప్రభుత్వం ఆపేసే రెండు నెలలూ భావనపాడు ఫోన్లన్నీ ఏడుస్తూ కూర్చున్నాయి. తీసేశాం.

పుస్తకాలు చదవండి. చదివింది పట్టుకుని తిన్నగా తెర దగ్గరికి కాకుండా, ముందు ఒక ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళండి. మీ యాప్ అనబోయే మాటను అక్కడ నిలబడి పైకి అనండి. ఇంట్లోవాళ్ళు మీ వైపు ఎలా చూస్తారో చూడండి. నేను దాని తర్వాత రాసిన ప్రతి మాటనీ అలాగే పరీక్షించాను. చీపురుపల్లి మా వీధిలో నాకు కాస్త పిచ్చి అన్న పేరు కూడా వచ్చింది. పరవాలేదు.

కంటి ఆపరేషన్ అయ్యాక, రోజంతా తెర చూడడం కష్టమై నేను పని మానేశాను. చివరి రోజున ఎవరూ ఉపన్యాసాలు ఇవ్వలేదు. సందువా చేపల కూర మాత్రం ఎర్రమ్మ పంపింది. సంచీ తీసుకుని లేచినప్పుడు జగదీష్ గారు గానీ తవిటినాయుడు గానీ ఇక మీదట ఏం చేస్తారు, ఎక్కడ ఉంటారు అని ఒక్క మాట అడగలేదు. ఇంత కాలం కలిసి పనిచేశాం, అడిగితే బాగుండునని మెట్లు దిగుతూ కొంచెం బాధపడ్డాను కూడా.

నెల్లిమర్లలో సిగ్నల్ లేక రైలు ఆగింది. కాసేపటికి సంచీలోంచి, కోళ్ళ చప్పుడుతో, "వచ్చీటప్పుడు" అని వినిపించింది. దాని వెనక తవిటినాయుడి గొంతు. "ఆ మరుపు పుస్తకం తెండి పిన్నిగారూ. నేనూ ఓసారి చదువుతాను."

ఫోను తీసి చూశాను. నాకు తెలియకుండా సెట్టింగు మార్చేశాడు. ఇల్లు అన్న చోట మా ఆఫీసు పెట్టాడు.

ఎదురుగా కూర్చున్న పెద్దాయన, "మీ అబ్బాయేటమ్మా?" అని అడిగారు.

"కాదండీ, మా ఆఫీసు" అన్నాను.

గురువారం సాయంత్రం లైబ్రరీకి వెళ్ళి ఆ పుస్తకం తెచ్చుకున్నాను. లైబ్రేరియన్ మారారు, ఒప్పందం మాత్రం మారలేదు. మర్నాడు పొద్దున్న రైలుకి విజయనగరం బయలుదేరాను. మా ఇంట్లో ఎవరూ ఎక్కడికని అడగలేదు.